మౌలాలి చడావు

బండి క్యాబిన్ ఎక్కే ముందు బిక్షపతి చెప్పులు విప్పి, ముందు చక్రం పక్కన జతగా పెట్టాడు. షెడ్డుకు వచ్చేవాళ్లు అది భక్తి అనుకునేవారు. ఒకాయన వీడియో తీసి నలుగురికీ పంపాడు కూడా. నిజానికి అది భక్తి కాదు. అరికాలికి ఇనుము తగలనిదే ఆ బండి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ వదులుతుందో తెలియదు. డెబ్బై రెండేళ్లకు మోకాళ్లు మొండికేశాయి గాని, అరికాళ్లు ఏదీ మరిచిపోలేదు.

నాచారం పారిశ్రామిక వాడలో, మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ వెనక ఉన్న రేకుల షెడ్డు అది. షెడ్డు నిండా ఆ ఒక్క బండే ఉంది. దాని పేరు డైమండ్ టీ. డ్రైవర్ల నోట్లో ఉత్త డైమండ్. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు మోయడానికి అమెరికాలో చేసిన బండి. సైన్యం వేలానికి పెడితే చలపతిరావు రవాణా కంపెనీ కొని, ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్లు లాగించింది. ఆ తర్వాత అది పీర్జాదిగూడలో కంపెనీ జాగాలో తుమ్మచెట్ల మధ్య తుప్పు పట్టి పడి ఉంటే, దామోదర్ అనే రిటైర్డ్ ఇంజినీరు చూసి, తనలాంటి పాత సైనిక బండ్ల పిచ్చివాళ్లను మరో పదిమందిని కూడగట్టి బాగుచేయించాడు. మూడేళ్లు పట్టింది. ఈ ఆదివారం ఉప్పల్‌లో ప్రదర్శన.

"ఇప్పుడు నువ్వు కూసో బిడ్డా," అన్నాడు బిక్షపతి, ఇంజను వేడెక్కాక కుడివైపు సీట్లోకి జరుగుతూ.

హరిణి ఎడమవైపు స్టీరింగు ముందు కూర్చుంది. ఆమెది కాప్రా. ఉప్పల్‌లో ఒక యంత్రాల కంపెనీలో డిజైన్ ఇంజినీరు. సెలవు దొరికితే షెడ్డులోనే ఉంటుంది. ఈ బండి నడిపినవాళ్లు ఎవరైనా బతికున్నారా అని ఆర్నెల్లు వెతికి, చిలకానగర్‌లో కొడుకు ఇంట్లో ఉన్న బిక్షపతిని పట్టుకున్నది ఆమే. మొదటిరోజు ఆమె కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "మీరు చెప్పండి, మేం నేర్చుకుంటాం" అంటే బిక్షపతికి ఏం చేయాలో తోచలేదు. బండి నడిపిన ఇరవై ఆరేళ్లలో అతనికి ఎవరూ కుర్చీ వేయలేదు.

"రెండు రాడ్లున్నయి సూడు. పెద్దది అసలు గేరు. చిన్నది దాని ఎనుకున్న ఇంకో డబ్బాది. క్లచ్చు రెండుసార్లు తొక్కాలె. ఒకసారి గేరు తీసెతందుకు, ఒకసారి ఏసెతందుకు. నడుమ ఇంజను మోత దిగుతది. చెవులతోని ఇను. చేతితోని గుంజకు."

హరిణి ప్రయత్నించింది. గేరు పళ్లు కీచుమని అరిచాయి. అతను తన మోకాలి మీద వేళ్లతో తాళం వేసి చూపించాడు: తొక్కు, తియ్యి, వదులు, ఆగు, తొక్కు, వెయ్యి. మూడోసారికి గేరు వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. బండి ఒక్కసారి ఊగి, షెడ్డు బయటి ఎర్రమట్టిలోకి నెమ్మదిగా కదిలింది. బయట నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఈ చిన్నది ఎప్పుడు మార్చాలి తాతా?" నవ్వుతూ అడిగింది హరిణి.

"బండి నిలవడ్డంక. నేల సాపుగున్న కాడ. చడావు మీద, మిట్ట ఎక్కుతున్నప్పుడు మాత్రం దీన్ని ముట్టొద్దు."

"ముడితే ఏమవుతుంది?"

"న్యూట్రల్ల వడ్తది. మల్ల పల్లు గల్వయి. ఎనుక ఎనబై టన్నుల బరువుంటది. ఒక్క బ్రేకు ఏం ఆపుతది? మొత్తం ఎనుకకు ఉరుకుతది."

"మీకెప్పుడైనా అట్లా అయిందా?"

"లే."

అది కొంచెం తొందరగా వచ్చింది. హరిణి గమనించలేదు, ఆమె కళ్లు ముందున్న గేటు మీద ఉన్నాయి. బిక్షపతి మాత్రం కిటికీలోంచి కిందికి, కుడివైపు వెనక చక్రాల వైపు చూశాడు. డ్రైవరు సీట్లోంచి ఆ చక్రాలు కనబడవు. ఈ బండిలో కుడివైపు ఏం జరిగినా డ్రైవరుకు చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

మర్నాడు గురువారం మధ్యాహ్నం ప్రదర్శనకు పెట్టే బోర్డు వచ్చింది. ఆరడుగుల ఫ్లెక్సీ. పైన యుద్ధకాలం నాటి బండి ఫోటో, కింద రెండు భాషల్లో చరిత్ర. దామోదర్ దాన్ని గోడకు ఆనించి, కళ్లజోడు సవరించుకుని, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"బిక్షపతి గారూ, ఇలా రండి. మీ గురించి ఉంది. హరిణీ, చదవమ్మా."

హరిణి గట్టిగా చదివింది. యుద్ధం, వేలం, చలపతిరావు గారి సాహసం, ఎన్ని టన్నులు ఎక్కడికి లాగిందో లెక్కలు. చివర ఒక పేరా.

"'1986 వేసవిలో మౌలాలి దగ్గర రైలు పట్టాల పక్క చడావులో, మద్యం సేవించి ఉన్న ఒక ఖలాసీ చక్రం కింద చెక్క దిమ్మె సరిగా పెట్టకపోవడంతో బండి వెనక్కి జారింది. ఖలాసీ మరణించాడు. డ్రైవర్ బిక్షపతి చాకచక్యంతో బండిని ఆపి, ట్రాన్స్‌ఫార్మర్‌ను, పదుల సంఖ్యలో ప్రాణాలను కాపాడారు.'"

చుట్టూ ఉన్న నలుగురూ అతని వైపు మెచ్చుకోలుగా చూశారు. ఒకాయన భుజం తట్టాడు.

"గిదెవరు రాసిన్రు?"

"నాగచైతన్య కంపెనీ పాత ఫైళ్లు ఇచ్చాడు," అన్నాడు దామోదర్. నాగచైతన్య అంటే చలపతిరావు మనవడు. బండి ఇచ్చింది, షెడ్డు ఇచ్చింది, ఆదివారం ముఖ్య అతిథిగా వచ్చేది అతనే. "అందులో మీ వాఙ్మూలమే ఉందండీ. మీ సంతకంతో సహా. మీరు ఒక్కసారైనా ఈ సంగతి మాతో చెప్పలేదే! ఇంత అణకువ పనికిరాదు."

"అది తీసేయిన్రి సారూ."

"ఎందుకు తియ్యాలి? బండి చరిత్రలో అదే పెద్ద ఘట్టం."

"వద్దు సారూ. సచ్చినోని గురించి ఎందుకు?"

"మేం ఖలాసీ పేరు వెయ్యలేదు కదా," అన్నాడు దామోదర్, అది మర్యాదే అన్నట్టు.

బిక్షపతి పక్కకు జరిగాడు. గుడ్డముక్క తీసుకుని బండి హెడ్‌లైటు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడిచాడు. మిగతావాళ్లు టీకి వెళ్లాక హరిణి వచ్చి పక్కన నిలబడింది. చేతిలో ఆ వాఙ్మూలం జిరాక్స్ కాగితం.

"తాతా, ఒకటి అర్థమైతలేదు. దిమ్మె అనేది ఆగిన బండి జారకుండా పెట్టేది కదా. మీరు బండి ఆపలేదు, చడావు ఎక్కుతూనే ఉన్నారని ఇందులో ఉంది. గేరులో ఉండి ఎక్కుతున్న బండి, ఊరికే వెనక్కి ఎందుకు పోతుంది?"

బిక్షపతి చెయ్యి ఆగింది.

ఆమె గొంతు తగ్గించింది. "ఆ టైములో ఏ గేరులో ఉన్నారు మీరు?"

షెడ్డు పైన రేకులు ఎండకు టకటకమంటున్నాయి. బిక్షపతి గుడ్డ మడతపెట్టి బంపరు మీద ఉంచాడు. వంగి చెప్పులు వేసుకుందామని చూస్తే కాలికి అందలేదు. రెండుసార్లు తడబడి, చివరికి చేతులతో పట్టుకుని తొడుక్కున్నాడు. హరిణి కళ్లు కాగితం మీద నుంచి అతని మీదికి వచ్చి, మళ్లీ కాగితం మీదికి పోయాయి. అతను రోడ్డెక్కాడు. నాచారం నుంచి చిలకానగర్ దాకా ఆటో ఎక్కకుండా, మండే ఎండలో, నడిచే వెళ్లాడు.

చనిపోయిన ఖలాసీ బాలరాజు భార్య వెంకటనర్సమ్మ ఇల్లు పీర్జాదిగూడలో ఉందని అతనికి తెలుసు. ఎన్నో ఏళ్లుగా తెలుసు. ఉప్పల్ బస్టాపులో ఆమె కనబడినప్పుడల్లా అతను పక్క సందులోకి తిరిగేవాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన ఆ రెండు గదుల రేకుల ఇంటి ముందు నిలబడి, చాలాసేపు తలుపు కొట్టలేదు. తలుపు తీసే ఉంది.

ఆమె నేల మీద కూర్చుని ఉంది. పక్కన గోనెసంచి నిండా ప్లాస్టిక్ మూతలు. అచ్చులోంచి వచ్చిన మూతల అంచుకు తోకలాగా మిగిలిన ప్లాస్టిక్‌ను బ్లేడుతో కోసి, మూతను ఒక తట్టలోకి, తోకను ఇంకో తట్టలోకి వేస్తోంది. బొటనవేలికి గుడ్డ చుట్టుకుంది. తల ఎత్తి చూసి గుర్తుపట్టింది.

"బిక్షపతన్నవా? రా, కూసో."

ఆ పిలుపులో కోపం లేదు. అదే అతనికి కష్టమైంది. గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. వంటగదిలో ఆమె కూతురు త్రివేణి టిఫిను డబ్బా సర్దుకుంటోంది. ఆమె ఒక దవాఖానాలో నర్సు. తండ్రి పోయేనాటికి నాలుగేళ్ల పిల్ల.

"నీతోని ఒక మాట చెప్పాలె చెల్లె."

"చెప్పు."

"ఆ దినం దిమ్మె జారలే."

ఆమె చేతిలో బ్లేడు ఆగలేదు. ఇంకో మూత తీసుకుంది.

"బాలరాజు తప్పేం లేదు. నేనే చేసిన. చడావు నడుమ చిన్న గేరు మార్చిన. మార్చొద్దు. నాకెరుక. ఆ బండికి డ్రైవరైనోనికి మొట్టమొదలు నేర్పేది గదే. అయినా మార్చిన. న్యూట్రల్ల వడ్డది, మల్ల దిగలే."

"ఎందుకు మార్చినవే?"

దానికి జవాబు అతను ఎన్నో ఏళ్లు తనలో తాను వెతుక్కున్నాడు. పెద్దది దొరకలేదు.

"జనం సూస్తున్నరు. రోడ్డుకు రెండు దిక్కుల మనుషులే. బండి నత్త పోయినట్టు పోతున్నది. ఎవడో ఈల ఏసిండు. జర జోరుగ ఎక్కిచ్చి సూపిద్దమనుకున్న. గంతే చెల్లె. ఇంకేం లేదు."

బ్లేడు ఇప్పుడు ఆగింది.

"ఎనుకకు ఉరుకుతుంటే ఖలాసీలందరు పక్కకు దుంకిన్రు. బాలరాజు దుంకలే. దిమ్మె వట్టుకోని చక్రం కాడికే ఉరికిండంట. మొదటి దిమ్మె పలిగింది. రెండోది పెట్టిండు. నాకు కనవడలే, కుడి దిక్కు కనవడది. చప్పుడే ఇన్న. రెండో దిమ్మెకు బండి ఆగింది. ట్రేలర్ కింద వడేటోళ్లు, ఎనుక జీపుల ఉన్నోళ్లు, అందరు బతికిన్రు. ఆపింది ఆయన. నేను కాదు."

వంటగదిలో డబ్బా మూత పడిన చప్పుడైంది. త్రివేణి ఆ గది గుమ్మంలోకి వచ్చింది.

"తాగి ఉండె అన్నరు కదా," అంది వెంకటనర్సమ్మ.

"తాగలే. కంపెనీ మేనేజరు రాసిండు. చలపతిరావు సారు ఠాణ బయట నిలవడి నాతోని చెప్పిండు. నీ లైసెన్సన్న పోవాలె, సచ్చినోని పేరన్న పోవాలె, సచ్చినోనికి పోయేదేమున్నది అన్నడు. నేను సంతకం వెట్టిన."

ఆమె చేతిలోని మూతను తిప్పి తిప్పి చూసింది. దాని తోక ఇంకా కోయలేదు.

"ఆయన అప్పుడప్పుడు తాగుతుండె," అంది నెమ్మదిగా. "నాకెరుక. అందుకే నమ్మిన. తాగకుంటుండెనా, ఎవరెన్ని చెప్పినా నమ్మకపోదును. పెత్తరమాస వస్తే ఊరంత పెద్దల పేరు మీద బియ్యమిస్తరు. ముప్పై ఎనిమిదేండ్లల నేను ఒక్క ఏడు ఇయ్యలే అన్నా. నన్ను, పిల్లను రోడ్డు మీద వడేసి, తాగి సచ్చినోనికి ఏం బియ్యం అనుకున్న. ఇంట్ల ఫోటో గూడ వెట్టలే. ఉన్నదాన్ని పొయ్యిల ఏసిన."

త్రివేణి తల్లి పక్కకు వచ్చింది. "బళ్లె నన్ను తాగుబోతోని బిడ్డ అనేటోళ్లు. నా పెండ్లప్పుడు గూడ గదే మాట వచ్చింది. ఇప్పుడెందుకొచ్చినవ్ నువ్వు? పాణం పోయే యాల్లయిందని నీ దిల్ నిమ్మలం చేసుకునెతందుకా?"

"కావొచ్చు బిడ్డా," అన్నాడు బిక్షపతి. "కాదని ఎట్ల చెప్పను."

ఆ జవాబు ఆమె ఊహించలేదు. బ్యాగు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూ, అతన్ని దాటుకుని రెండడుగులు బయటికి వేసి, ఆగి, మళ్లీ లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. డ్యూటీకి ఆలస్యమవుతున్నా కదల్లేదు.

బిక్షపతి ప్రదర్శన సంగతి, బోర్డు సంగతి చెప్పాడు. వెంకటనర్సమ్మ విన్నది. బయట కట్టడం దగ్గర సిమెంటు కలిపే మిషను తిరుగుతున్న మోత ఇంట్లోకి వస్తోంది.

"ఐతారం ఎంతమందొస్తరు ఆడికి?" అడిగింది వెంకటనర్సమ్మ.

"మూడు నూర్ల మంది రావొచ్చంటున్నరు."

"నాకు చెప్పినవ్ కదా. గదే మాట ఆళ్లకు చెప్పు."

ఆమె మళ్లీ బ్లేడు తీసుకుంది. మూత జారి గుమ్మం దాకా దొర్లింది. బిక్షపతి దాన్ని తీసి తట్టలో వేసి లేచాడు.

శనివారం షెడ్డులో ఆఖరి రంగులు. దామోదర్ స్వయంగా సన్న బ్రష్షు పట్టుకుని, డోరు మీద పాత సైనిక నంబరు తెల్లగా దిద్దుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చిన్న స్టూలు మీద ఒక మోకాలు మడిచి కూర్చున్నాడు. బిక్షపతి చెప్పడం మొదలుపెట్టినప్పుడు అంకె మధ్యలో ఉన్నాడు. చివరిదాకా విన్నాడు గాని, బ్రష్షు అక్కడే ఆగిపోవడంతో రంగు బొట్టుగా కిందికి కారింది.

"రేపు ఇది మైకులో చెబుతానంటారు."

"చెప్పాలె సారూ."

"బండి ఇంకా నాగచైతన్య పేరు మీదే ఉంది. తెలుసా మీకు? మ్యూజియంలో పెట్టుకోవడానికి మనకిస్తానని మాటే గాని కాగితం కాలేదు. రేపు స్టేజీ మీద సంతకం చేస్తానన్నాడు. మీరు వాళ్ల తాతగారి మీద ఈ మాట అంటే ఆ సంతకం కాదు."

"ఎల్లుండి చెప్పమంటరా మరి?"

దామోదర్ ఔనందామనే నోరు తెరిచాడు. అనలేకపోయాడు. గుడ్డతో కారిన రంగు తుడిచాడు. "మా ఆవిడ పోయిన నెలలో ఈ బండి కనబడింది నాకు," అన్నాడు డోరు వైపే చూస్తూ. "ఇంట్లో కూర్చోలేక వచ్చేవాణ్ణి. ఒక్కో నట్టూ కిరోసిన్లో నానబెట్టి విప్పాను. నా బాధ కూడా ఒక బాధేనండీ."

"నాకెరుక సారూ."

"వెళ్లండి. మీరు నాకు చెప్పలేదనుకోండి, నేను వినలేదనుకుంటాను."

బిక్షపతి బయటికి వచ్చేసరికి హరిణి ఫ్లెక్సీ ముందు గొంతుక్కూర్చుని ఉంది. చివరి పేరా మీద తెల్లకాగితం అంటిస్తోంది. అంచులు లేవకుండా గోటితో నొక్కుతోంది. అతన్ని చూసి కాస్త జరిగి చోటిచ్చింది. అతను వంగి రెండో అంచు నొక్కిపట్టాడు.

ఆదివారం పొద్దున ఉప్పల్‌లోని బడి మైదానం నిండిపోయింది. పాత జీపులు, సైనిక మోటారు సైకిళ్లు, ఒక చిన్న ట్రక్కు వరసగా నిలబడ్డాయి. పిల్లలు వాటి మీదెక్కి ఫోటోలు దిగుతున్నారు. రిటైరైన సైనికులు కొందరు పతకాలు పెట్టుకుని వచ్చారు. మెట్రో రైలు పోయినప్పుడల్లా మైకు మాట వినబడటం లేదు.

డైమండ్ గేటు దాటి లోపలికి వస్తుంటే మైదానం మొత్తం అటే తిరిగింది. బిక్షపతి నడిపాడు. చిన్న రాడు జోలికి పోలేదు. ఒకే గేరులో, మనిషి నడిచేంత వేగంతో, వేదిక దాకా తెచ్చి ఆపాడు. ఈలలు, చప్పట్లు. ముప్పై ఎనిమిదేళ్ల కింద ఎలాంటి ఈలకు తన చెయ్యి ఆ రాడు మీదికి పోయిందో, అచ్చం అలాంటిదే ఒకటి గుంపులోంచి వచ్చింది. చేతులు స్టీరింగు మీద బిగిసిపోయాయి. హరిణి ఇంజను ఆపి, "దిగుదాం తాతా" అనేదాకా అతను కూర్చునే ఉన్నాడు.

వెంకటనర్సమ్మ, త్రివేణి కుర్చీల్లో కూర్చోలేదు. చివరన, కాంపౌండు గోడ నీడలో నిలబడి ఉన్నారు.

నాగచైతన్య ముందు వరసలో ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు, లేచి వచ్చి బిక్షపతి చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు. "మా తాత ఎప్పుడూ మీ గురించే చెప్పేటోడు," అన్నాడు. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు.

బిక్షపతికి మైకు పట్టుకోవడం రాదు. గడ్డానికి ఆనించుకున్నాడు. అది కీచుమంది.

"నా పేరు బిక్షపతి. గీ బండి నేను ఇరవై ఆరేండ్లు తోలిన. ఆడ బోర్డు మీద తెల్ల కాయితం ఉన్నది సూడున్రి. దాని కింద రాసింది అబద్ధం. అబద్ధం చెప్పింది నేనే. మౌలాలి చడావు కాడ తప్పు నాది. నేను గేరు మార్చిన. బండి ఆపింది, మనుషులను బతికిచ్చింది ఖలాసీ బాలరాజు. ఆపి సచ్చిపోయిండు. తాగి లేడు. తాగిండని నాతోని సంతకం చేపిచ్చిన్రు. చలపతిరావు సారు చెప్పిండు, నేను చేసిన. నన్ను కొట్టి చేపియ్యలే. భయానికి చేసిన. ఆయన భార్య ఆడ నిలవడ్డది. ఆయన బిడ్డ నిలవడ్డది."

శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు గాని, మెట్రో రైలు వచ్చింది. అది పోయేదాకా ఆగాడు. పోయాక చెప్పడానికేమీ మిగల్లేదు.

వెనకాల ఎవరో అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టి, ఎవరూ కలవకపోవడంతో ఆపేశారు. ఫోన్లు మాత్రం ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. పతకాల వరసలో ఒక ముసలాయన లేచి, గోడ వైపు తిరిగి, వెంకటనర్సమ్మకు చేతులెత్తి దండం పెట్టాడు. ఆమెకు ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది.

నాగచైతన్య అరవలేదు. దామోదర్ దగ్గరికి వెళ్లి, పక్కవాళ్లకు వినబడకుండా చెప్పాడు. "ఇక్కడ మా తాతను ఇట్ల నిలబెడతారనుకోలేదు సార్. రేపు క్రేన్ పంపిస్తా. బండి మా యార్డుకు పోతది. షెడ్డు కూడా ఖాళీ చెయ్యండి." కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని కారెక్కాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి జీపులు వెళ్లిపోయాయి. కుర్చీలవాళ్లు కుర్చీలు మడుస్తున్నారు. దామోదర్ బానెట్ తెరిచి, ఏ అవసరం లేకపోయినా, నూనె చూసే పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. బిక్షపతి ఆయన దగ్గరికి వచ్చి "సారూ" అన్నాడు.

"ఇవాళ నాతో మాట్లాడకండి బిక్షపతి గారూ." ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీరు చేసింది తప్పనను. కానీ ఇవాళ మాట్లాడలేను."

ఆయన వెళ్లిపోయాడు. హరిణి ఆయన వెంట నాలుగడుగులు వేసి, బిక్షపతి వైపు తిరిగి చూసి, ఆయన వెంటే వెళ్లింది.

అప్పుడు వచ్చింది వెంకటనర్సమ్మ. కూతురు వెనక నడుస్తోంది. ఆమె బిక్షపతి దగ్గర ఆగకుండా, బండి చుట్టూ తిరిగి కుడివైపు వెనక చక్రాల దగ్గర నిలబడింది. చక్రం ఆమె భుజం దాకా ఉంది.

"గిదేనా?"

"టైరు కొత్తది. చక్రం గదే."

ఆమె ముట్టుకోబోయి మానుకుంది. అటే చూస్తూ అడిగింది.

"ఆ దినం సద్ది తిన్నడా?"

బిక్షపతికి వెంటనే అర్థం కాలేదు.

"పొద్దుగాల కట్టిచ్చిన కదా. తిన్నడా అని."

"లే. చడావు ఎక్కినంక తిందమన్నడు."

"గిన్నె ఇంటికి రాలే."

ఇది అతను శుక్రవారం చెప్పలేదు. మైకులోనూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

"గిన్నె నా సీటు ఎనుక ఉండె. పొద్దుమీకి దాంక ఠాణల కూసోవెట్టిన్రు. ఆ దినమంత ఏం తినలే. సంతకం వెట్టినంక ఆకలైంది చెల్లె. నేనే తిన్న."

త్రివేణి మొహం పక్కకు తిప్పుకుంది. వెంకటనర్సమ్మ తిప్పుకోలేదు.

"ఏం కూర ఉండె?"

"చింతచిగురు పప్పు. రెండు జొన్నరొట్టెలు. ఉల్లిగడ్డ."

ఆమె పెదవులు కదిలాయి. ఆ మూడు మాటలూ తనలో తాను మళ్లీ అనుకుంది.

"ఆ పొద్దు మస్తు తొందర తొందర చేసిండు. రుచి సూడకనే కట్టిచ్చిన. ఉప్పేసిన్నో లేదో అని మధ్యాన్నం దాంక గదే మనసుల ఉండె. తర్వాత ఎవర్నడగాలె?"

"ఏసినవ్ చెల్లె," అన్నాడు బిక్షపతి. "మంచిగనే ఉండె."

వెంకటనర్సమ్మ చక్రానికి ఆనుకుని మెల్లగా మట్టిలో కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతున్నాయి. త్రివేణి కంగారుగా వంగి చెయ్యి పట్టుకుని లేపబోయింది.

"ఉండనియ్యి బిడ్డా," అంది ఆమె. "జర సేపు ఆయన కాడ ఉండనియ్యి."